క్రిక్కిరిసిన ఓడలో

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27:20–44



ఈ మాసము ఓడను గూర్చి మీతో మాటలాడగోరుచున్నాము. సముద్రమునకు బహు దూరమున, శంషాబాదు చుట్టునున్న రాతినేలలో జొన్నలు, కందులు, కూరగాయలు పండించుకొను మనకు ఓడతో పని యేమని ఎవరైన అడుగవచ్చును. మన తాతల కాలములో ఆ ప్రశ్న సరియైనదే. వారికి సముద్రము పరిశుద్ధ గ్రంథములో మాత్రమే ఉండెను. అయితే 2008వ సంవత్సరము మార్చి నెలలో ప్రయాణికుల విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు మారినవి. ఒకప్పుడు ద్రాక్షతోటలున్న ఈ ప్రాంతమునుండి నేడు సింగపూరు ఒక రాత్రి ప్రయాణమునకు లోబడిన దూరము. విమానపు టికెట్టు, హోటలు గది, మూడు రాత్రుల ఓడ విహారము, అన్నియు ఒకే కట్టగా కట్టి ట్రావెల్సువారు అమ్ముచున్నారు. మన తీరమునందు కూడ 2022 జూన్ నెలలో విశాఖపట్నము రేవునుండి విహార నౌక బయలుదేరెను. 2023 సెప్టెంబరు 4వ తేదీన ఆ రేవులో విహార నౌకల ప్రయాణికుల కొరకు ప్రత్యేక భవనము ప్రారంభింపబడెను. ఈలాగు ఓడ మన గడపవరకు వచ్చినది. మన సంఘస్థులలో కొందరు ఎక్కి వచ్చిరి. అందులో ఒక కుటుంబమువారు నిరాశతో దిగి వచ్చిరి. ఆ నిరాశను గూర్చియే ఈ ధ్యానము.

ముందుగా ఈ ఓడలు ఎట్టివో తెలిసికొందము. 1912లో మునిగిపోయిన టైటానిక్కు ఓడను గూర్చి మీరు వినియున్నారు. అది 46,000 పైచిలుకు టన్నుల ఓడ. ఆ ప్రయాణమున దానిలో సుమారు 2,200 మంది యుండిరి. 2024 జనవరిలో అమెరికానుండి విహారము మొదలుపెట్టిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ అను ఓడ పరిమాణములో దానికి అయిదురెట్లకు పైబడినది. నిండుగా ఎక్కినయెడల ప్రయాణికులే 7,600 మంది పట్టుదురు; పనివారు మరి రెండు వేలకు పైగా. అనగా రెండు మూడు పెద్ద పల్లెల జనమంతయు ఒకే కప్పు క్రింద నీటిమీద తేలుచున్నట్టే. అన్ని ఓడలు అంత పెద్దవి కావు గాని, రెండు మూడు వేల మందిని మోయునవి నేడు సామాన్యమైపోయినవి.

అట్టి ఓడలో చౌక గదులకు కిటికీ ఉండదు. మొదటి దినము అధిక భాగము పాస్‌పోర్టులు చూపు వరుసలలోను, అపాయము సంభవించినయెడల ఎక్కడ కూడుకొనవలెనో నేర్పు సాధనలోను గడచును. కడపటి రాత్రియే పెట్టెలు సర్ది గది వెలుపల ఉంచవలెను. తెల్లవారిన కొంతసేపటికే దిగిపోవలెను. మూడు రాత్రులని చెప్పినను చేతికి దక్కునవి రెండు పగళ్లే. సముద్రము పొంగినయెడల, అనుకొనిన రేవునకు పోకుండ దాటిపోవు అధికారము కప్తానుకు కలదు. ఈ సంగతులు టికెట్టు కాగితములో చిన్న అక్షరములతో ఉండును. కరపత్రములోనైతే నీలిరంగు నీళ్లు, వాటి యెదుట ఒక ఖాళీ కుర్చీ, ఇంతే కనబడును.

మేము చెప్పు కుటుంబమువారి అనుమతితోనే, పేర్లు లేకుండ, ఈ సంగతి వ్రాయుచున్నాము. తండ్రి రెండెకరముల మెట్టపొలము గల రైతు. తల్లి కూలికి పోయి పిల్లలను పెంచినది. కుమారుడు ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి డ్యూటీలు చేయువాడు. ముప్పది యేండ్లు తలమీదుగా పోవు విమానములను చూచుటయే గాని ఎక్కి యెరుగని తలిదండ్రులను ఒక్కసారి దేశము దాటించవలెనని అతడు రెండేండ్లు పైకము కూడబెట్టెను. సంక్రాంతి పోయిన తరువాత ముగ్గురును సింగపూరు వెళ్లి ఓడ ఎక్కిరి.

తలిదండ్రులకు దొరికినది కిటికీలేని గది. దీపము ఆర్పితే పగలో రాత్రియో తెలియలేదు. భోజనశాలలో పళ్లెము చేతపట్టుకొని తండ్రి కూర్చుండ చోటు దొరకక చాలసేపు తిరిగెను. పై అంతస్తులో కుర్చీలన్నిటిమీద ఎవరో తువ్వాళ్లు పరచి పోయిరి. గాలి హెచ్చినందున ద్వీపమువద్ద ఓడ ఆగలేదు. కుమారుడు పనివారిమీద కేకలు వేసెను. అప్పుడు తండ్రి, “ఈ పైసలతోని బోరు వేయిస్తే అయిపోయేది గదా” అనెను. ఆ ఒక్క మాట కుమారుని గుండెలో నాటుకొనెను. శంషాబాదులో విమానము దిగినప్పుడు ముగ్గురు ఒకే ఆటోలో వచ్చిరి గాని, ఇద్దరు మాటలాడుకొనలేదు. కుమారుడు ఇల్లు విడిచి స్నేహితుల గదిలో ఉండసాగెను. ఆ నెల ప్రభువు బల్ల వేయబడినప్పుడు తండ్రి తల వంచుకొని వెనుక బల్లమీదనే కూర్చుండిపోయెను.

ఆ వారము మేము వారి యింటికి వెళ్లితిమి. తండ్రి ఓడ లోపములను ఒక్కొక్కటిగా లెక్క చెప్పెను. తల్లి వంటింటి గుమ్మమునొద్ద నిలిచి అంతయు విని ఈలాగు చెప్పినది: “అయ్యగారూ, ఓడ బాగుందో లేదో నాకు ఎరుక లేదు. నేను ఓడలో ఒక పిల్లగాణ్ణి చూసిన.” గది శుభ్రపరచు యువకుడు శ్రీకాకుళము జిల్లావాడట. తెలుగు మాట వినబడగానే గుమ్మమునొద్ద ఆగిపోయెనట. “నీ పేరేంది బిడ్డా?” అని ఆమె అడిగినప్పుడు, ఎనిమిది నెలలనుండి తనను ఎవరును ఆ రీతిగా పిలువలేదని చెప్పెనట. విమానములో తినుటకు కట్టుకొనిన సకినాలు సంచిలో కొన్ని మిగిలియుండగా, ఆమె వాటిని అతని చేతిలో పెట్టినది. అతడు ఒకటి అక్కడనే తిని, మిగిలినవి జేబురుమాలలో మూటకట్టుకొనెను.

ప్రియులారా, ఒకే ఓడలో ముగ్గురు ప్రయాణము చేసిరి. ఇద్దరు నష్టము తెచ్చుకొనిరి, ఒకతె లాభము తెచ్చుకొనెను. ఇందులో మనము నేర్చుకొనవలసినవి మూడు కలవు.

మొదటిది: ఓడ బాగుండనంత మాత్రమున కానుక చెడిపోదు.

2 సమూయేలు 23:15–17లో దావీదు బేత్లెహేము బావి నీళ్లను ఆశించెను. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును దూరి ఆ నీళ్లు తెచ్చిరి. దావీదు వాటిని త్రాగలేదు, యెహోవాకు పారబోసెను. ఆ నీళ్లు తియ్యనివో ఉప్పనివో అతడు రుచి చూడలేదు. తెచ్చినవారు తమ ప్రాణమునకు తెగించిన సంగతినే చూచి, ఆ నీళ్లు తన నోటికి తగనంత గొప్పవని యెంచెను. తండ్రులారా, మీ పిల్లలు తెచ్చిన చీర రంగు వెలిసినదైనను, వండిన కూరలో ఉప్పెక్కువైనను, చూపించిన ఊరు ఇరుకైనదైనను, ఆ వస్తువు వెనుకనున్న రాత్రి డ్యూటీలను చూడుడి. ఆ తండ్రి లెక్కించినది ఓడను. కుమారుడిచ్చినది ఓడను కాదు, రెండేండ్ల నిద్రను.

కుమారులారా, మీకును ఒక మాట. ఇచ్చిన కానుకకు బదులుగా సంతోషమును అప్పువలె వసూలు చేయకుడి. ఇంత ఖర్చు పెట్టితిని గనుక వీరు నవ్వి తీరవలెనని మనస్సులో చీటీ వ్రాసికొనిన దినముననే కానుక బాకీగా మారిపోవును.

రెండవది: మనము తలలను లెక్కింతుము, దేవుడు ప్రాణములను లెక్కించును.

క్రిక్కిరిసిన చోట ప్రతి మనుష్యుడు మనకు అడ్డముగా కనబడును. ముందు నిలిచినవాడు మన ఆలస్యము, కూర్చున్నవాడు మన కుర్చీని దొంగిలించినవాడు. పౌలు ఎక్కిన ఓడయు క్రిక్కిరిసినదే. గోధుమలు, ఖైదీలు, సైనికులు, నావికులు కలిసి ఇటలీకి పోవుచుండిరి. అందులో 276 మంది ఉండిరని లూకా వ్రాసెను. ఆ లెక్క ఏ చోట వ్రాయబడినదో గమనించుడి. ఓడ ఎక్కునప్పుడు కాదు, చోటు చాలనప్పుడు కాదు. పౌలు రొట్టె విరిచి అందరిని ధైర్యపరచి భోజనము చేయించిన తరువాతి వచనములోనే ఆ లెక్క వచ్చుచున్నది. వారిలో కొందరు మంచివారు కారు. నావికులు అందరిని విడిచి చిన్న పడవలో పారిపోజూచిరి. సైనికులు ఖైదీలను చంపజూచిరి. అయినను ఆ 276 మందిని దేవుడు పౌలుకు అనుగ్రహించెను.

మన తెలుగువారు కూడ లెక్క మాత్రమే అయిన ఓడ ప్రయాణములు చేసిరి. 1860 అక్టోబరులో మద్రాసు రేవునుండి ‘ట్రూరో’ అను ఓడ కూలి ఒప్పందముమీద 342 మందిని ఎక్కించుకొని, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. వారిలో తెలుగువారు కలరు. చెరకుతోటల యజమానులకు వారు చేతుల లెక్క. తరువాత 1903లో తెలుగు బాప్తిస్టు సంఘములు పంపగా జాన్ రంగయ్యగారు సముద్రము దాటి ఆ దేశమునకు వెళ్లి, అక్కడి తెలుగు కూలీలమధ్య పరిచర్య చేసిరి. ఆయనకు వారు చేతులు కారు, పేర్లు గల మనుష్యులు. సకినాలు ఇచ్చిన ఆ తల్లి అక్షరము రానిది, సెమినరీ గుమ్మము ఎరుగనిది; అయినను ఆ గొప్ప పరిచారకుడు నడచిన బాటలోనే ఒక అడుగు వేసినది.

ఈ పాఠము మనకు తిరగబడియు వచ్చును. మన పల్లెలనుండి ఎందరో శంషాబాదు ఎయిర్‌పోర్టులో నేల తుడుచుచున్నారు, సామానుబండ్లు నెట్టుచున్నారు, కారులు నడుపుచున్నారు. ప్రయాణికులు మిమ్మును చూచియు చూడక పోవుచుందురు. ఆ బాధ మీకు తెలియును. తెలిసిన మీరే సెలవుదినమున మరియొకచోట అతిథులైనప్పుడు, మీకు వడ్డించువానిమీద కేకలు వేయకుడి. అతడును ఎవరికో కుమారుడు.

మూడవది: గాలి ఆగకముందే పౌలు కృతజ్ఞత చెల్లించెను.

పదునాలుగు దినములు ఆ ఓడలోనివారు భోజనము లేక కొట్టుకొనిపోయిరి. పదునాలుగవ నాటి తెల్లవారుజామున, ఇంకను చీకటి యుండగనే, పౌలు అందరి యెదుట దేవునికి స్తోత్రము చెల్లించి రొట్టె విరిచెను. ఓడ బాగుపడినందుకు కాదు. ఆ ఓడ అదే దినమున బద్దలైపోయెను. అనుకొనిన రేవునకు వారు చేరలేదు. మనుష్యులు మాత్రము ఒక్కడును నశింపక మెలితే ద్వీపము చేరిరి. ఓడ పోవచ్చును, పైకము పోవచ్చును, చూడగోరిన ద్వీపము చూడకపోవచ్చును. కలిసి ఓడ ఎక్కినవారు కలిసి గట్టు చేరిరా అనునదే ప్రశ్న.

విహారమునకు పోవుట పాపమని మేము చెప్పుట లేదు. ప్రభువు తానే శిష్యులను కొంతసేపు అలసట తీర్చుకొనుటకు ఏకాంత స్థలమునకు పిలిచెను. అక్కడికిని జనసమూహము ముందుగానే వచ్చి నిండినది (మార్కు 6:31–34). అలసియున్న ప్రభువు వారిని చూచి విసుగుకొనలేదు, కనికరపడెను. టికెట్టు కొనునప్పుడు చిన్న అక్షరములు చదువుడి. అప్పు చేసి ఎక్కకుడి. మోసము జరిగినయెడల మర్యాదగా వ్రాసి అడుగుడి. అయితే ఓడమీది కోపమును ఇంటివారిమీద దింపకుడి. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి మొదట సమాధానపడుమని ప్రభువు చెప్పిన మాట (మత్తయి 5:23–24) తండ్రికిని కుమారునికిని కూడ చెందినదే.

ఆ కుటుంబములో ఏమి జరిగెనని మీరు అడుగుదురు. మేము ఈ వచనములే చదివి ప్రార్థన చేసి వచ్చితిమి. రెండు దినముల తరువాత ఆ తండ్రి టిఫిను డబ్బా పట్టుకొని కార్గో గేటునొద్దకు పోయి, రాత్రి డ్యూటీకి వచ్చు కుమారుని కొరకు నిలుచుండెనట. ఏమి మాటలాడుకొనిరో మేము అడుగలేదు. మరుసటి నెల ప్రభువు బల్లయొద్దకు వారు ఇద్దరు కలిసి వచ్చిరి.

కనుక ప్రియులారా, ఈ వారము మీ కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు ఈ ప్రశ్నలు అడుగుకొనుడి. నా యింటిలో ఎవరి కానుకకు నేను వెల కట్టి నొప్పించితిని? నాకు ప్రతిదినము సేవచేయు ఎవరి పేరు నాకు ఇంతవరకు తెలియదు? గాలి ఆగువరకు కాచియుండక, నేడే దేనికొరకు స్తోత్రము చెల్లింపగలను? మన గుడి కూడ పండుగ దినమున క్రిక్కిరియును. ఆ దినమున క్రొత్తవాడు గుమ్మమునొద్ద నిలిచియుండగా, కొంచెము జరిగి చోటిచ్చువాడు ఈ ధ్యానమును గ్రహించినవాడు.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, ఇరుకైన ఓడలలోను ఇరుకైన ఇండ్లలోను మాతో నుండుము. మా కన్నులు లోపములను లెక్కించుట మాని, నీవు మా ప్రక్కన ఉంచిన ప్రాణములను చూచునట్లు చేయుము. దూరదేశములలో, సముద్రములమీద, రాత్రి డ్యూటీలలో కష్టపడు మా బిడ్డలను కాపాడుము. మాట నిలిచిపోయిన ఇండ్లలో మరల మాట పుట్టించుము. కలిసి బయలుదేరిన మమ్మునందరిని కలిసి గట్టు చేర్చుము. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొనుచున్నాము. ఆమేన్.