జీతం, దక్షిణ, ఫలస్వామ్యం

నెల తిరిగేసరికి చేతికందే జీతం మనిషికి స్వేచ్ఛనిస్తుందా, లేక అతడిని కట్టిపడేస్తుందా అన్న ప్రశ్న, పనికి పని కుదుర్చుకొని బతికే స్వతంత్ర వృత్తులవారు పెరుగుతున్న ఈ కాలంలో ఆదాయవ్యయాల లెక్కగానే వినిపిస్తున్నా, ధర్మశాస్త్రకారులు దానిని చాలా ముందే ధర్మవిచారంలోకి తీసుకొన్నారు. మనుస్మృతి నాలుగో అధ్యాయం గృహస్థుడైన బ్రాహ్మణుడి జీవనోపాయాలను వరుసగా పేర్కొంటూ, కోత ముగిసిన పొలంలో రాలిన గింజలను ఏరుకొని బతకడాన్ని ఋతమనీ, అడగకుండా వచ్చినదాన్ని అమృతమనీ, యాచించి తెచ్చుకొన్నదాన్ని మృతమనీ, వ్యవసాయాన్ని ప్రమృతమనీ, వాణిజ్యాన్ని సత్యానృతమనీ చెప్పి, పరుల కొలువును మాత్రం శ్వవృత్తి, అంటే కుక్క బతుకు, అని పూర్తిగా నిషేధించింది. భాగవతం సప్తమ స్కంధంలోనూ ఇదే వర్గీకరణ ఉంది. రేపటి తిండికి భరోసా లేని ఉపాయాలను పైన నిలిపి, స్థిరమైన కొలువును అట్టడుగున పెట్టిన ఈ వరుసను గమనిస్తే, శాస్త్రకారుడిని కలవరపెట్టింది ఒకరి ముఖం చూసి మసలుకోవలసిన పరాధీనత అని తెలుస్తుంది.

ఈ ఆదర్శాన్ని యథాతథంగా మెచ్చుకోవడం మాత్రం సాధ్యం కాదు. ఇదే స్మృతి సేవను శూద్రుడి ధర్మంగా విధించింది. ఒక వర్ణానికి కుక్క బతుకుగా తోచినది మరొక వర్ణానికి తప్పించుకోరాని కర్తవ్యమైంది. రాలిన గింజలను ఏరుకొనేవాడి స్వాతంత్ర్యం ఆ పొలాన్ని దున్ని, కోసి, కుప్ప నూర్చిన చేతుల మీద ఆధారపడి ఉన్నదన్న సంగతిని శాస్త్రం పలకలేదు. కొలువు లేని బతుకును కీర్తించే ఏ వాదమైనా, ఆ బతుకు వెనుక ఎవరి శ్రమ ఉన్నదో చెప్పకపోతే అది సగం వాదమే.

ఈ విషయంలో స్మృతుల కంటె లోతుగా వెళ్లింది పూర్వమీమాంస, అంటే వేదంలోని కర్మభాగానికి అర్థనిర్ణయం చేసే దర్శనం. యాగంలో ఆహుతులు వేసేదీ మంత్రాలు చదివేదీ ఋత్విజులైనప్పుడు స్వర్గాది ఫలం యజమానికి ఎలా చెందుతుందన్న సందేహాన్ని జైమిని సూత్రాల మూడో అధ్యాయం ఎత్తుకొని, శాస్త్రోక్తమైన ఫలం ప్రయోక్తది, అంటే కర్మకు పూనుకొని దానిని జరిపించేవాడిది, అని తేల్చింది. దక్షిణ ఇచ్చి ఋత్విజులను కుదుర్చుకోవడాన్ని పరిక్రయమంటారు. అది యజమాని నెరవేర్చవలసిన బాధ్యత. కాబట్టి యాగదక్షిణను పుణ్యం కోసం ఇచ్చే దానంగా కాక పనికి చెల్లించే ప్రతిఫలంగానే మీమాంసకులు చూశారు. జ్యోతిష్టోమమనే యాగంలో పదహారుమంది ఋత్విజులను నాలుగు వర్గాలు చేసి, మొదటివారికి పూర్తి వంతు, తరువాతివారికి అందులో సగం, ఆపైవారికి మూడోవంతు, చివరివారికి నాలుగోవంతు అని పంపకం చేయడంలోనూ ఈ దృష్టే కనిపిస్తుంది. ఇందుకు భిన్నమైన మరొక ఏర్పాటు సత్త్రం. అందులో కనీసం పదిహేడుమంది కలిసి దీక్ష వహించి, తామే యజమానులై, ఋత్విజుల పనీ తామే చేస్తారు. ఫలం అందరిదీ కనుక అక్కడ దక్షిణ లేదు. తనను తాను కూలికి కుదుర్చుకోవడం ఎవరికీ కుదరదు.

ఫలంలో భాగం ఉన్నవాడికి వేతనం అక్కరలేదు, ఫలాన్ని వదులుకొన్నవాడికి వేతనం ఇచ్చి తీరాలి అన్న ఈ రెండు ఏర్పాట్లూ దేనికదే సమగ్రమైనవి. పని నడుమ విఘ్నం వస్తే నష్టం ఎవరు మోయాలన్న ప్రశ్నను కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఎదుర్కొన్నాడు. దీక్ష తరువాత ఋత్విజుడు జబ్బు పడితే, యాగం ఏ దశకు చేరిందో చూసి అతడి వంతు ఇవ్వాలన్నాడు. రాజోద్యోగుల జీతాలను 48,000 పణాల నుంచి 60 పణాల వరకు నిర్ణయించిన ప్రకరణంలోనే, కొలువులో ఉండగా మరణించినవారి భార్యాబిడ్డలకు తిండీ వేతనమూ అందాలని చెప్పాడు. కొలువువల్ల కలిగే లాభాన్ని రాజు పొందుతున్నప్పుడు, కొలువువల్ల కలిగే ఆపదా రాజుదే కావాలన్న తర్కం ఇక్కడ పనిచేసింది.

శాశ్వతోద్యోగమా, స్వతంత్రవృత్తియా అన్న పోలికలో సాధారణంగా జారిపోయేది ఈ తర్కమే. నెలజీతగాడు ఫలాన్ని వదులుకొని, దానితోపాటు అనిశ్చితినీ యజమానికి వదిలేస్తాడు. స్వతంత్రుడు రెంటినీ తానే తీసుకొంటాడు. తెలుగునాట శుభకార్యాలు చేయించే పురోహితుడి బతుకులో ఈ రెండో పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. గురుశుక్రులు సూర్యుడికి దగ్గరై కనిపించకుండా పోయే మూఢంలోనూ, ఆషాఢపుష్యాల వంటి శూన్యమాసాల్లోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక అతడి రాబడి సన్నగిల్లుతుంది. ముహూర్తాలు ముమ్మరమైనప్పుడు వచ్చే అధికాదాయమూ అతడిదే, ఏ ఇంటికి వెళ్లాలో నిర్ణయించుకొనే హక్కూ అతడిదే. అన్యాయం మూడో రకంలో ఉంది. ఫలం సంస్థకు, అనిశ్చితి పనివాడికి పంచి, ఆ పంపకానికి స్వాతంత్ర్యమని పేరుపెట్టడం నేటి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, యాప్ ఆధారిత ఉపాధుల్లో తరచు జరుగుతున్నది. జబ్బు పడితే ఆ పూట కూలి పోయే, ధర నిర్ణయించే అధికారం లేని మనిషిని స్వతంత్రుడనడం శాస్త్రరీత్యానూ అసత్యమే.

భగవద్గీత తొమ్మిదో అధ్యాయంలో అనన్యచింతనతో ఉపాసించేవారి యోగక్షేమాలను తానే వహిస్తానని భగవంతుడు చేసిన ప్రతిజ్ఞను ఇటువంటి సందర్భాల్లో ఊరడింపుగా ఉదాహరించడం పరిపాటి. లేనిదాన్ని పొందడం యోగమనీ, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమమనీ శంకరులు వివరించారు. ఆ మాట భక్తుడికి భగవంతుడు ఇచ్చినది. పనివాడి విషయంలో యజమాని బాధ్యతను అది రద్దు చేయదు. 1956లో ఏర్పడిన జీవిత బీమా సంస్థ ఆ ప్రతిజ్ఞనే తన ధ్యేయవాక్యంగా గ్రహించినప్పుడు, మనుషులు కలిసి మోయగల భారాన్ని దేవుడి మీదికి నెట్టకుండా తామే ఎత్తుకోవాలన్న భావన అందులో ఉన్నదని గౌరవంగా అర్థం చేసుకోవచ్చు.

ఈ చర్చ అంతా ఒకచోట కలిసేది ఆలయార్చకుడి విషయంలో. దేవుడి పూజను జీవికగా చేసుకొన్నవాడిని దేవలకుడని పిలిచి మనుస్మృతి శ్రాద్ధభోజనానికి అనర్హుడిని చేసింది. ఆ నిందకు సమాధానం చెప్పడానికి వైష్ణవాచార్యులైన యామునాచార్యులు ఆగమప్రామాణ్యమనే గ్రంథంలో శ్రమపడవలసి వచ్చింది. తెలుగు ప్రాంతాల్లో అర్చకులు తరతరాలుగా ఈనాం భూమితో, ప్రసాదంలోనూ కానుకల్లోనూ వంతులతో, మిరాసీ అనే వంశపారంపర్య హక్కుతో జీవించారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1987లో చేసిన దేవాదాయ చట్టం ఆ హక్కునూ వంతులనూ రద్దుచేసింది; 1996లో సుప్రీంకోర్టు, పూజావిధానం మతానికి సంబంధించినదైనా అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమని చెప్పి చట్టాన్ని సమర్థించింది; 2007లో సవరణ ద్వారా వంశపారంపర్య కుటుంబాలకు కొంత గుర్తింపు తిరిగి దక్కింది. రాబడి గల క్షేత్రాల్లో వంతు పోయి జీతం వచ్చింది. ఈనాం చేజారిన పల్లె గుడిలో మాత్రం వంతూ లేదు, నిజమైన జీతమూ లేదు. ధూపదీపనైవేద్య పథకం కింద వచ్చే భృతితో అర్చకుడు పూజాద్రవ్యాలూ ఇల్లూ రెండూ నడుపుకోవాలి. ఇంట్లో చేసుకొనేది ఆత్మార్థపూజ, గుడిలో లోకక్షేమం కోసం చేసేది పరార్థపూజ అని ఆగమాలు విభజించాయి. అతడు చేసేది పరార్థపూజ కనుక ఫలం ఊరిది. జైమిని నిర్ణయం ప్రకారం పరిక్రయభారమూ, కౌటిల్యుడి నిర్ణయం ప్రకారం అతడి జబ్బూ, అతడి తదనంతరం అతడి కుటుంబమూ ఆ ఊరివే, ఊరి తరఫున ఆలయాల మీద అధికారం చేపట్టిన ప్రభుత్వానివే.