పరదేశమున మనవారెవరు?

శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో ప్రారంభమైనది. అంతవరకు బేగంపేటనుండి సాగిన విదేశయాత్రలన్నియు నాటినుండి ఇటు మరలినవి. పొలములకును రాతిగుట్టలకును నెలవైన ఈ చోట నేడు అర్ధరాత్రమున కూడ జనసమ్మర్దము తగ్గదు. ఒకని సాగనంపుటకు పదిమంది వత్తురు. తల్లి కొంగున ప్రసాదపు పొట్లము, తండ్రి చేతిలో పెట్టె, ఊరినుండి వచ్చిన మేనమామ కన్నులలో నీరు. గాజుతలుపు దాటిన పిమ్మట ఆ కుర్రవాడు ఒంటరివాడు.

ఇక్కడికి అనతిదూరమున, ఉస్మాన్‌సాగర్ ప్రాంతమున, చిలుకూరు బాలాజీ వేంచేసియున్నాడు. హుండీ లేని ఆ కోవెలలో పదునొకండు ప్రదక్షిణములు చేసి కోరిక విన్నవించుట, అది నెరవేరిన పిమ్మట నూటయెనిమిది చేయుట ఆచారమైనది. విదేశయాత్ర కోరి వచ్చు యువకుల మూలమున స్వామికి ‘వీసా బాలాజీ’ యను ముద్దుపేరు కూడ వచ్చినది. ఈ పేరు విని కొందరు పెద్దలు నొసలు చిట్లింతురు. నాకు మాత్రము అందు దోషము కనుపింపదు. ఆర్తుని, అర్థార్థిని కూడ గీతాచార్యుడు తన భక్తులలోనే చేర్చుకొనెను గదా! అయితే ప్రదక్షిణము చేయువారు అనుమతిపత్రమును కోరుదురు, ఉద్యోగమును కోరుదురు. అక్కడ సత్సంగము లభించునట్లు అనుగ్రహింపుమని కోరువారు అరుదు. దాని అవసరము ఆ దేశమున దిగిన మొదటి వారముననే తెలియును. అపుడు తల్లికి ఫోను చేసి చెప్పు మాట ఒకటే: “ఇక్కడ మనవాళ్ళెవరూ లేరమ్మా” అని, లేదా “మనవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా” అని. మొదటి మాట వినిన తల్లికి అన్నము సహింపదు. రెండవది వినిన తల్లి నిశ్చింతగా నిద్రించును. ఈ ‘మనవాళ్ళు’ అను మాటలో ఎవరు చేరుదురు, ఎవరు చేరరు అనునదియే విచారింపదగిన విషయము.

ముందుగా ఒక ఆక్షేపము. భగవద్గీత పదమూడవ అధ్యాయమున జ్ఞానసాధనములను లెక్కించుచు భగవానుడు ఏకాంతదేశనివాసమును, జనసమూహమునందు ప్రీతి లేకుండుటను కూడ చెప్పెను. అట్లయిన పరదేశమున ఒంటరితనము లభించుట సాధకునికి వరమే కావలెను గదా, తోడును వెదకుట యెందులకు? ఈ ప్రశ్నను వేదాంతపాఠములు వినిన ఒక గృహస్థుడే నన్ను అడిగెను. దీనికి అదే గీతలో పదవ అధ్యాయమున సమాధానము కలదు. తనయందు చిత్తము నిలిపినవారు ఒకరికొకరు బోధించుకొనుచు, తన్ను గూర్చి చెప్పుకొనుచు సంతోషింతురని స్వామి అచ్చట సెలవిచ్చెను. ఏకాంతము వేరు, ఏకాకిత్వము వేరు. గుంపునుండి తొలగి భగవంతుని వైపు పోయినవానిది ఏకాంతము. ఎవరును లేక గదిలో గోడలు చూచుచు కూర్చున్నవానిది ఏకాంతము కాదు. వానికి సంధ్యావందనము మొదట విసుగగును, తరువాత ఆలస్యమగును, తరువాత మరుపునకు వచ్చును.

బోధాయన ధర్మసూత్రములు సముద్రయానమును పాతకములలో చేర్చినవని మనకు తెలియును. ఔత్తరాహుల ఆచారములలో అదియు ఒకటని ఆ సూత్రములే మరియొకచోట చెప్పుచున్నవి. ఈ నిషేధమునకు ఉప్పునీరు కారణమని నేను తలంపను. ఆచారమును గుర్తుచేయు తోడివారు లేని చోట ఆచారము నిలువదను భయమే అందు ప్రధానమని నా అభిప్రాయము. ఆ భయము నేటికిని సార్థకమే. నిషేధము నిలువలేదు, భయము నిలిచినది.

ఇక సంప్రదాయము తోడును గూర్చి ఏమి చెప్పుచున్నదో చూతము. ముదలాళ్వారులు మువ్వురి కథ ఎల్లరెరిగినదే. సరోయోగి కాంచీపురమున, భూతయోగి కడల్‌మల్లైలో, మహాయోగి మయిలైలో అవతరించిరి. ఒకరినొకరు ఎరుగరు. తిరుక్కోవలూరు మువ్వురికిని పరాయి ఊరే. చీకటి, వాన. ఒక ఇంటి దేహళిలో, అనగా వాకిటి ఇరుకు నడవలో, మొదటివారు మేను వాల్చిరి. రెండవవారు వచ్చి చోటడిగిరి. ఒకరు పడుకొను చోట ఇరువురు కూర్చుండవచ్చునని మొదటివారు లేచి కూర్చుండిరి. మూడవవారు వచ్చిరి. ఇరువురు కూర్చుండు చోట మువ్వురు నిలువవచ్చునని ఇరువురును లేచి నిలిచిరి. అపుడు నాలుగవవాడెవడో తమ నడుమ ఒరసికొనుచున్నట్లు తోచెను. ఆ నాలుగవవాడే స్వామి. వేదాంతదేశికులు ‘దేహళీశస్తుతి’ రచించినది ఈ స్వామిని గూర్చియే.

ఈ కథను మనము సాధారణముగ దివ్యప్రబంధావతారకథగా చెప్పుకొందుము. కాని అందలి లెక్కను గమనింపుడు. మొదటివారు పడకను విడిచిరి. తరువాత ఇరువురును కూర్చుండుటను విడిచిరి. నీ కులమేది, నీ ఊరేది అని అడిగి చోటిచ్చినట్లు కథలో లేదు. వానలో తడియుచు వచ్చినవాడనునదియే చాలిన పరిచయము. తమ సౌఖ్యములో కొంత విడువకుండ పొందిన తోడు అచ్చట ఒక్కటియు లేదు. స్వామికి కూడ చోటు చిక్కినది ఆ విడిచిన చోటుననే.

ఆండాళ్ తల్లి తిరుప్పావైలో ముప్పది పాశురములుండగా, ఆరవదానినుండి పదునైదవదానివరకు పది పాశురములు తోడివారిని మేల్కొలుపుటకే వినియోగించినది. తానొక్కతెయే నందగోపుని వాకిలికి పోవచ్చును. పోలేదు. చలిలో ఇల్లిల్లు తిరిగి, నిద్రమత్తులో నున్నవారితో వాదులాడి, వెంటబెట్టుకొని పోయినది. భగవదనుభవము ఒంటరిగా అనుభవింపదగినది కాదని మన పూర్వులు దీనికి వ్యాఖ్యానము చేసిరి.

తెలుగువారు దేశము విడుచుట నిన్నటి మాట కాదు. 1834లో మారిషసు ద్వీపమున ఒప్పంద కూలీల విధానము మొదలైన పిమ్మట చెరకుతోటలకు పోయినవారిలో మనవారును కలరు. వారికి వీసా లేదు, ప్రదక్షిణము లేదు, తిరిగివత్తుమను ఆశ కూడ పలువురకు లేదు. మూడు నాలుగు తరములు గడచునప్పటికి ఇంటి మాట క్రియోలు భాషయైనది. అయినను రామభజనము నిలిచినది. సింహాద్రి అప్పన్న పూజ నిలిచినది. ఉగాది నేడు ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అచ్చటనే జరిగినవి. భాష మాసిపోవుచున్నను సంఘము చెదరకుండుటకు ఆ భజన ఎంత ఆధారమైనదో యోచింపుడు. భజనకు ఒక్కడు చాలడు. తాళము వేయువాడు, అందుకొని పాడువాడు, దీపమునకు నూనె తెచ్చువాడు కావలెను.

అమెరికా కథ వేరు. అచ్చటి వలస చట్టము 1965లో మారిన పిమ్మట వైద్యులు, ఇంజనీర్లు పోయిరి. చదువు కలవారు, చేతిలో ధనము కలవారు. పిట్స్‌బర్గు శ్రీవేంకటేశ్వరాలయ ప్రతిష్ఠ 1976లో తిరుమల తిరుపతి దేవస్థానముల సహకారముతో జరిగినది. మరుసటి యేడు, 1977లో, ఉత్తర అమెరికా తెలుగువారి తొలి మహాసభ న్యూయార్కులో జరిగినది. కొండ దిగని స్వామి భక్తులకొరకు సముద్రము దాటెనని నాడు కొందరు ఆశ్చర్యపడిరి. సౌలభ్యమను గుణమును పఠించినవారికి ఇది ఆశ్చర్యము కాదు. అర్చావతారమనగా భక్తుడున్న చోటికి స్వామి వచ్చుటయే.

అయితే ఒక మాట చెప్పక తప్పదు. మొదట ‘మనవాళ్ళు’ అనగా భారతీయులు. సంఖ్య పెరిగిన కొలది తెలుగువారు. మరికొంత పెరిగిన పిమ్మట ఫలానా జిల్లావారు, ఫలానా కులమువారు. చలిదేశమున తొలినాళ్ళలో ఒక కాశ్మీరపు ఇంట పప్పన్నము తినినవాడే, ఇరువది యేండ్ల తరువాత పొరుగింటి తెలుగువానిని ఇంటిపేరడిగి లోపలికి పిలుచుచున్నాడని వినుచున్నాము. బలిమి లేనినాడు విశాలమైన హృదయము, బలిమి కలిగిననాడు ఇరుకగుట వింత గదా! తన భాషను, తన వంటను, తన పండుగను కోరుట తప్పు కాదు. వాటినే ద్వారముగ గాక గడియగ వాడుట తప్పు.

శంషాబాదు ద్వారమున మరియొక వరుస కూడ కనుపించును. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవు శ్రామికులు వారు. ఒక్క గదిలో ఎనమండుగురు పదిమంది ఉందురు. జెబెల్ అలీలో 2022లోను, అబూదాబిలో 2024లోను ఆలయములు వెలసినను, వాటికి పోవుటకు సెలవు దినమును బండి ఛార్జీయు చూచుకొనవలెను. వారి ఇరుకుగదిలో తిరుక్కోవలూరు దేహళి నాకు స్ఫురించును. క్రొత్తగా దిగినవానికి మంచము చూపి తాను నేలపై చాప పరచుకొను వారి నడత ముందు మన సభావేదికలు, శాలువలు చిన్నబోవును.

ఆచార్యులలో ప్రవాసబాధను ఎరిగినవారు భగవద్రామానుజులు. చోళరాజు ఉపద్రవమున కాషాయమును విడిచి, శ్వేతవస్త్రములు ధరించి, శిష్యులతో శ్రీరంగమునుండి పడమటికి తరలిరి. అడవిలో వేటగాండ్రు తేనెయు ధాన్యమును ఇచ్చి ఆదరించిరి. తరువాత చేరినది ఒక బ్రాహ్మణ వనితయింటికి. ఆమె పూర్వము కరవుకాలమున శ్రీరంగము వచ్చి స్వామివద్ద మంత్రోపదేశము పొందినది. వచ్చిన వారిలో నీ ఆచార్యుడెవరో చెప్పుమనగా ఆమె పాదములను పరికించి, “ఈ పాదములు ఆయనవే, కాని ఈ వస్త్రములు ఆయనవి కావే!” అనినదట. వేషము మారినను గుర్తుపట్టిన ఆ చూపు మనకు కావలెను. పరదేశమున అందరి వేషమును మారియే యుండును.

అటుపిమ్మట మేలుకోటలో పండ్రెండేండ్లు. శ్రీరంగమువారిని మాత్రమే చుట్టు చేర్చుకొని స్వామి కాలము గడుపలేదు. ఆ కాలమున అంటరానివారుగ నెంచబడినవారికి తిరుక్కులత్తారను పేరిడి ఆలయప్రవేశము కల్పించిరి. తిరిగి శ్రీరంగమునకు బయలుదేరునపుడు మేలుకోట శిష్యులు విరహము సహింపలేకపోగా, తమ విగ్రహమును వారికి అనుగ్రహించిరి. ‘తమరుగంద తిరుమేని’ యని దానికి పేరు; తనవారు కోరిన దివ్యమంగళవిగ్రహమని భావము. ఆ మహానుభావుని సమతామూర్తి, 216 అడుగుల ఎత్తున, 2022 ఫిబ్రవరి 5వ తేదీన శంషాబాదు చెంతనున్న ముచ్చింతలలో ఆవిష్కృతమైనది. పరాయి ఊరిలో పరాయివారిని తనవారిగ చేసికొనిన ఆచార్యుడు, పరదేశము పోవువారి దారిప్రక్కన నిలుచుట సముచితమే.

ఒకనాటి నా విద్యార్థి అమెరికాలో అర్చకుడుగ నున్నాడు. ఏకాదశి మన పంచాంగము ననుసరించి చేయవలెనా, అచ్చటి సూర్యోదయము ననుసరించియా యని అడిగెను. అచ్చటిదే గ్రాహ్యమని వ్రాసితిని. తిథి సూర్యోదయమునకు కట్టుబడినది, పుట్టిన ఊరికి కాదు. సంకల్పమున కూడ భరతవర్షమని చెప్పక, క్రౌంచద్వీపమని చెప్పుట అక్కడి అర్చకులలో కొందరి వాడుక. తాను విడిచివచ్చిన చోటును గాక, నిలిచియున్న చోటును చెప్పుమనుటయే సంకల్పము కోరునది. అతడు మరియొక సందేహము కూడ పంపెను. ధనుర్మాసమున వేకువనే వచ్చు ఒక వృద్ధురాలికి తెలుగు రాదు, తమిళము రాదు. ఆమె పూర్వులు ఏనాడో కూలీలుగ ఏదో ద్వీపమునకు పోయినవారు. గోత్రము తెలియదు. అర్చనలో ఏమని చెప్పవలెను? శ్రీమద్భాగవతమున పృథుచక్రవర్తి కథయందు భగవద్భక్తులను అచ్యుతగోత్రులని పేర్కొనుట కలదు; అదియే చెప్పుమని వ్రాసితిని. ఆమె దానిని రెండుమారులు చెప్పించుకొని, చీటిపై ఆంగ్లాక్షరములలో వ్రాసికొనిపోయినదని ప్రత్యుత్తరము వచ్చినది.