పలుపు ముడి

కృష్ణకు వరద ముంచుకొస్తోందని కబురందిన రాత్రి, లంకలోని అన్నదమ్ములిద్దరూ కొట్టం దగ్గరికి పరుగెత్తారు. అన్న తన ఎడ్ల మెడల్లోని పలుపులు విప్పేసి వాటి వీపు మీద చరిచాడు. అవి చీకట్లో కలిసిపోయాయి.

తమ్ముడి గుండె ఝల్లుమంది. "జత చెదిరితే ఎక్కడ వెతకనన్నయ్యా?" అంటూ తన ఎడ్లను కట్టుగుంజకు మరో రెండు ముళ్లు వేసి బిగించాడు. వాటికి మేత పెట్టందే తాను ముద్ద ముట్టని మనిషి. ప్రేమతోనే కట్టాడు.

తెల్లారేసరికి నీళ్లు ఎడ్ల మెడలదాకా వచ్చాయి. తమ్ముడు ఈదుకుంటూ వెళ్లి ముడి పట్టుకున్నాడు. నానిన తాడు ఉబ్బి రాయిలా అయింది. ఎద్దు గింజుకున్నకొద్దీ ముడి ఇంకా బిగిసింది. దాపటిది అప్పటికే తల వాల్చేసింది. ఇంతలో అన్న కొడవలితో వచ్చి వలపటిదాని పలుపు కోశాడు. అది ఈదుకుంటూ కరకట్ట ఎక్కింది. అన్న ఎడ్లు రాత్రే అక్కడికి చేరి నెమరు వేస్తున్నాయి.

"దీన్నైనా విడిపించావన్నయ్యా" అని తమ్ముడు ఏడ్చాడు.

"నేను తాడే కోశానురా. ఈత దానిదే."

నీతి: కాపాడటమంటే గట్టిగా పట్టుకోవడం అనుకుంటాం. ముందు మనం వేసిన ముడి ఎక్కడుందో చూసుకోవాలి.

ఈ నీతి మన మాటలోనే ఉంది. ఆపద నుంచి తప్పించినా, చెర నుంచి బయటికి తెచ్చినా తెలుగులో రెండూ విడిపించడమే. 'విడు'కు 'దల' చేరితే విడుదల, 'పట్టు'కు అదే చేరితే పట్టుదల. సంస్కృతంలో విముక్తీ మోక్షమూ 'ముచ్' ధాతువు సంతానమే. వదలడమని దాని అర్థం. మోక్షమనగానే మనకు వైకుంఠం తోస్తుంది గానీ, ఋగ్వేదంలో అదే ధాతువు నుంచి వచ్చిన విమోచనమంటే ప్రయాణం ముగిశాక రథానికి కట్టిన గుర్రాలను విప్పడం. దారులు కాచే, తప్పిపోయిన పశువులను వెతికి తెచ్చే పూషుడనే దేవుణ్ణి ఆ వేద ఋషులు విమోచనానికి బిడ్డ అని పిలిచారు. ఎంత చల్లని పిలుపు! అలసిన పశువు మెడ మీద నుంచి కాడి దిగే క్షణాన్ని వాళ్లు దేవుడికి తల్లిని చేశారు.

పంచాంగంలో గ్రహణం వదిలే సమయాన్ని ఇప్పటికీ మోక్షకాలమనే వేస్తారు. ఇళ్లల్లో పెద్దవాళ్లు మాత్రం విడుపు అంటారు, విడుపు స్నానానికి నీళ్లు తోడుతూ.