చెరి సగం

బిడ్డకు జబ్బు చేస్తే తల్లి పుట్టింటి నెత్తురును అనుమానించడం మన ఇళ్లలో పాత అలవాటే. ఆ అనుమానాన్ని తేల్చగల పరీక్షలు వచ్చాకైనా తల్లి మీద భారం తగ్గిందా?

ఫాంకోని అనీమియా అనే అరుదైన వంశపారంపర్య జబ్బుంది. 1927లో స్విస్ డాక్టరు గైడో ఫాంకోని ముగ్గురు అన్నదమ్ముల్లో దాన్ని గుర్తించి రాశాడు. ఎముకల్లో మూలుగ క్రమంగా నెత్తురు తయారుచేయడం మానేస్తుంది. కొందరు పిల్లలకు బొటనవేలు సరిగా ఉండదు, ఎదుగుదల తక్కువ. కొందరు పైకి మామూలుగానే ఉంటారు. అందుకే క్రోమోజోముల పరీక్ష అవసరం. నెత్తురులోని తెల్లకణాలను ల్యాబులో మూడు నాలుగు రోజులు పెంచి, మైటోమైసిన్-సి వంటి మందు కలుపుతారు. మామూలు క్రోమోజోములు చాలావరకు తట్టుకుంటాయి. ఈ జబ్బున్నవాళ్లవి విరిగి, ముక్కలు అడ్డదిడ్డంగా అతుక్కుంటాయి. మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెడతారు. మూలుగ మార్పిడికి ముందు ఈ సంగతి తేలాలి. లేకపోతే మామూలు మోతాదులో ఇచ్చే మందులే బిడ్డ ప్రాణం మీదికి తెస్తాయి. మూలుగ ఇవ్వబోయే తోబుట్టువుకూ ఈ పరీక్ష తప్పదు.

దేవరుప్పులలో నాకు వదినె వరసయ్యే ఒకామె కూతురికి ఈ పరీక్ష రాశారు. జనగామ దాకా బస్సు, అక్కణ్ణుంచి సికింద్రాబాద్‌కు రైలు. జబ్బు ఇదేనని తేలాక ఆమె మొదట అడిగింది మందు గురించి కాదు. "నా దిక్కు నుంచి వచ్చిందా సారూ, ఆయన దిక్కు నుంచా?" అని. దాదాపు అన్ని రకాల్లోనూ తల్లీ తండ్రీ చెరొక లోపమున్న జన్యువు ఇస్తేనే ఈ జబ్బు వస్తుంది. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ఆమెది మేనరికం. "మీ ఇంటి రోగం" అన్న అత్తగారు ఆమెకు సొంత మేనత్త, ఆ ఇంట్లోనే పుట్టిన ఆడబిడ్డ!

"ఎవ్వలకూ చెప్పకు వదినె" అందామె నాతో. కానీ చెల్లెల్ని మరిదికే ఇవ్వాలని అప్పటికే అనుకుంటున్నారు. వాళ్లిద్దరిలో ఒక్కొక్కరూ ఆ జన్యువును మోసే అవకాశం సగం. క్రోమోజోముల పరీక్ష జబ్బును పడుతుంది గాని మోసేవాళ్లను పట్టదు, అందుకు వేరే జన్యు పరీక్ష కావాలి. ఆ పరీక్ష చేయించుకోవాలంటే ముందు వాళ్లకు విషయం తెలియాలి.

స్త్రీ శరీరపు రహస్యం ఆమెదేనని మనం పోరాడి చెప్పుకున్న మాట. దాన్ని నేను వదులుకోను. కానీ భయంతో దాచుకున్న రహస్యాన్ని హక్కు అనలేం. అలాగని "చెల్లెలికి చెప్పడం నీ ధర్మం" అని తల్లికి ఒక్కదానికే నీతి చెప్పడం కూడా అన్యాయమే. చివరికి ఆమే చెప్పింది. సంబంధం ఆగింది. చెడగొట్టింది ఆమేనన్నారు. తన తమ్ముడికి సంగతి చెప్పాల్సిన భర్తను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు కూడా ఉంది. చికిత్సకు డబ్బు ఎవరివ్వాలో విధానాలు రాసుకోగలం. ఇంట్లో ఆ మాట ఎవరు మోయాలో మాత్రం రాసుకోలేదు. జన్యువు చెరి సగం వచ్చినప్పుడు ఆ మాట బరువు కూడా చెరి సగం కావాలి. ఫలితం చెప్పే గదిలో రెండో కుర్చీ తండ్రిది. అతను కూర్చున్నాకే కాగితం చదవాలి.