నీళ్లయొద్దకు పోవద్దనుట చాలునా?

వాక్యపఠనము: అపొస్తలుల కార్యములు 27:21-44



మన ప్రాంతమందలి తలిదండ్రులు పిల్లలతో దినమునకు పదిసార్లు చెప్పు మాట యొకటి గలదు. "నీళ్లయొద్దకు పోవద్దు" అనునదే ఆ మాట. భద్రాచలమునందు గోదావరి యొడ్డున నివసించువారు, బూర్గంపాడు తట్టు కిన్నెరసాని ప్రక్కన సేద్యము చేయువారు, చర్ల దగ్గర తాలిపేరు నీటితో వరి పండించువారు, ఖమ్మములో మున్నేటి గట్టున ఇండ్లు కట్టుకొనినవారు, అందరును ఈ మాటనే చెప్పుదురు. చెప్పుట మంచిదే. అయితే ఆ మాట చెప్పినంతమాత్రమున తలిదండ్రుల విధి తీరెనా? ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న యిదియే.

మన పిల్లలు నీళ్లకు దూరముగా బ్రతుకుట సాధ్యమా? పశువులను కడుగుటకు పిల్లవానిని చెరువునకు పంపునది మనమే. బట్టలుతుకునప్పుడు చంటిదానిని వాగు ఒడ్డున కూర్చుండబెట్టునది మనమే. అడవి పల్లెలలో వాగు దాటనిదే బడికి పోలేని పిల్లలును గలరు. వేసవి సెలవులలో ఎండకు తాళలేక పిల్లలు నీటిని వెదకుకొనుచు పోవుదురు. పోవద్దని ఉదయము చెప్పి, సాయంకాలము బిందె యిచ్చి మనమే పంపునప్పుడు, ఆ ఆజ్ఞ ఏపాటి కాపుదల? అది బిడ్డకు భయమును నేర్పునే గాని, కాలు జారి నీటిలో పడిన క్షణమున ఏమి చేయవలెనో నేర్పదు.

వరద విషయములో మనము మెలకువగా నున్నాము. భద్రాచలమునొద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులకు పొంగిన సంగతి పెద్దలు మరచిపోలేదు. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చుట చిన్నవారును చూచిరి. అట్టి దినములలో అధికారులు తిరుగుదురు, మైకులలో చెప్పుదురు, జనులు సామానులు సర్దుకొని కదలుదురు. గాని ఇంటి వెనుకనున్న నీళ్ల తొట్టికి, గట్టు లేని వ్యవసాయపు బావికి, రాళ్లు తీసి విడిచిన క్వారీ గుంటకు హెచ్చరిక చేయువారెవరు? నడక నేర్చుచున్న శిశువునకు బకెట్టులో అడుగున నున్న నీళ్లు చాలును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారము 2021వ సంవత్సరములో లోకమంతట సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయిరి. వారిలో నాలుగవ వంతుకు దగ్గరగా అయిదేండ్లు నిండని పిల్లలే. మన దేశములో 2022లో 38 వేల మందికి పైగా ఈ విధముగా చనిపోయినట్లు ప్రభుత్వపు లెక్కలు చెప్పుచున్నవి.

ఇట్టి మరణము కలిగిన ఇంట తరచుగా వినబడు మాట "అంతా దేవుని చిత్తము" అనునది. దుఃఖములో నున్నవారితో ఎవరును వాదింపరాదు. వారికి కావలసినది మన మౌనమును మన తోడును. అయితే దుఃఖము రాకముందు, మన బిడ్డలు మన కన్నుల యెదుట క్షేమముగా ఆడుకొనుచుండగా, మనమా మాటను పరీక్షించుకొనవలెను. ఆపగలిగిన దానిని ఆపకుండ విడిచి, తరువాత దానికి దేవుని చిత్తమని పేరు పెట్టుట న్యాయమా?

పౌలు ఎక్కిన ఓడ సంగతి చూడుడి. అందులో 276 మంది యుండిరి. ఓడ పగిలిపోవును గాని యొక్క ప్రాణమును నశింపదని పౌలునకు ముందుగనే తెలియజేయబడెను. అంత స్పష్టమైన వాగ్దానము కలిగినవాడు చేతులు కట్టుకొని కూర్చుండవచ్చును గదా? పౌలట్లు చేయలేదు. నావికులు పడవలో పారిపోజూడగా, వారు ఓడలో నిలువనియెడల మీకు రక్షణ లేదని శతాధిపతితో చెప్పెను. అందరు బలము తెచ్చుకొనునట్లు భోజనము చేయుమని బ్రతిమాలెను. కడపట ఓడ బద్దలగునప్పుడు శతాధిపతి, ఈత వచ్చినవారు ముందు నీటిలో దుమికి ఒడ్డునకు పోవలెననియు, రానివారు పలకలను ఓడ చెక్కలను పట్టుకొని పోవలెననియు ఆజ్ఞాపించెను. అందరును తప్పించుకొనిరి. వాగ్దానము నెరవేరినది, నెరవేరిన విధానము ఈతయు చెక్కలును. కాబట్టి దేవునియందలి నమ్మికయు ఈత నేర్చుటయు ఒకదానికొకటి విరోధులు కావు.

యూదుల పెద్దలు ఈ సంగతిని బాగుగా ఎరిగియుండిరి. వారి బోధలను కూర్చిన తాల్ముదు అను గ్రంథములో తండ్రి కుమారునికి చేయవలసిన విధులు చెప్పబడినవి. ధర్మశాస్త్రము నేర్పుట, వృత్తి నేర్పుట మున్నగువాటితోపాటు, ఈత నేర్పుటయు తండ్రి విధియేయని వారిలో కొందరు బోధించిరి. బిడ్డ ప్రాణము దానిమీద ఆధారపడి యుండవచ్చుననుటయే దానికి కారణము. మోషే ధర్మశాస్త్రము సహితము క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని విధించినది. లేనియెడల పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వచ్చును. మిద్దె యెక్కవద్దని బిడ్డతో చెప్పితినిగదా అని ఆ యజమానుడు తప్పించుకొనజాలడు. గోడ కట్టుట అతని పని.

మరియొక అభ్యంతరము గలదు. "ఈత నేర్పినచో పిల్లవానికి తెగువ హెచ్చును, ఈత రానివాడు ఒడ్డున నుండును, వచ్చినవాడే మునుగును" అని కొందరందురు. ఇందులో కొంత సత్యమున్నది. నాలుగు బారలు ఈదగలిగిన కుర్రవాడు స్నేహితుల యెదుట గోదావరి నడుమకు పోజూచుట మనమెరిగినదే. అయితే ఈ తప్పు ఈతది కాదు, సగము నేర్పినవారిది. చేతులు కాళ్లు ఆడించుట నేర్పి, ఎక్కడ ఆగవలెనో నేర్పకపోవుట సగము చదువు. బంగ్లాదేశములో 2006 మొదలు 2010 వరకు పల్లె చెరువులలోనే వెదురు వేదికలు కట్టి, నాలుగేండ్లు దాటిన పిల్లలకు ఈతయు, నీటి జాగ్రత్తలును, ఇతరులను ఒడ్డునుండి కాపాడు రీతియు కలిపి నేర్పిరి. ఇరువదియైదు మీటర్లు ఈదుట, ముప్పది సెకండ్లు తేలియుండుట అక్కడి పరీక్ష. అట్లు నేర్చిన పిల్లలలో మునిగి చనిపోయినవారు నేర్వనివారికంటె 90 శాతమునకు పైగా తక్కువయని పరిశోధకులు కనుగొనిరి. గొప్ప కొలనులు లేని బీద పల్లెలలో జరిగిన పని యిది.

అయితే ఎట్లు నేర్పవలెను? మన తాతల కాలమందు ఎండిన సొరకాయ బుర్రనో బెండునో నడుమునకు కట్టి బావిలో దింపెడివారు. తరువాత డబ్బాలు, ట్యూబులు వచ్చినవి. నేర్పువాడు చేతికందు దూరములో నున్నంతవరకు అవి సహాయమే. గాని వాటిని నమ్మి బిడ్డను ఒంటరిగా విడువరాదు; జారిపోయిన ట్యూబు ఎవరిని కాపాడదు. భయము పోవునని బిడ్డను హఠాత్తుగా నీటిలో త్రోయుట కొందరి పద్ధతి. అది నేర్పుట కాదు. అట్లు త్రోయబడిన బిడ్డకు నీటిమీద భయమును, త్రోసినవానిమీద అపనమ్మకమును కలుగును. ముఖము నీటిలో ముంచి ఊపిరి విడుచుట, వెల్లకిల తేలుట, మెట్టువైపు తిరిగి వచ్చి దానిని పట్టుకొనుట, ఆ తరువాతనే ముందుకు ఈదుట. ఇదియే మంచి వరుస. ఊపిరి బిగబట్టి నీటి అడుగున ఎవరెక్కువసేపుందురో యని పందెములు వేయనీయరాదు. మంచి ఈతగాండ్రు సహితము అట్లు స్మృతి తప్పి చనిపోయిరి. మూర్ఛరోగమున్న బిడ్డ విషయము వైద్యునితోను నేర్పువానితోను ముందుగా చెప్పవలెను.

నిలువ నీటిలో నేర్చినవాడు పారు నీటికి సిద్ధమైనట్లు కాదని తలిదండ్రులు మరువరాదు. గోదావరిలో ఇసుక తీసిన చోట మోకాలి లోతు ఒక్క అడుగులో నిలువు లోతగును. సాగరు కాలువకు సిమెంటు గోడ, పాచి, వడి. దిగుట సులభము, ఎక్కుట కష్టము. కిన్నెరసాని జలాశయములో మొసళ్లు గలవు. పైన అడవులలో వాన కురిసిన వాగు ఇక్కడ ఎండ కాయుచుండగనే పొంగును. ఈ సంగతులు ఈతగాని పాఠములో భాగములు. "ఇక్కడ దిగను" అని స్నేహితుల యెదుట చెప్పగలిగిన కుర్రవాడే ఈత పూర్తిగా నేర్చినవాడు.

అయినను ఎంత నేర్పినను కాపలా అక్కరలేని బిడ్డ లేడు. ముఖ్యముగా నాలుగేండ్లలోపు పిల్లలకు ఈత పాఠము రక్షణ కాదు. పెద్దల కన్నే రక్షణ. శిశువైన మోషేను జమ్ము పెట్టెలో ఏటి ఒడ్డున నుంచినప్పుడు, పెట్టెకు కీలు పూసిన తల్లి అంతటితో విడువలేదు. అక్క దూరముగా నిలిచి చూచుచుండెను. పెట్టెయు కావలెను, చూచు కన్నును కావలెను. మునుగు బిడ్డ కేకలు వేయునని మనమనుకొందుము. అది పొరపాటు. ఊపిరికే పెనుగులాడువానికి కేక వేయు శక్తి యుండదు; నిమిషములోపలనే నిశ్శబ్దముగా మునిగిపోవును. బంగ్లాదేశములోనే తల్లులు ఇంటిపనిలో మునిగియుండు ఉదయము 9 మొదలు మధ్యాహ్నము 1 వరకు చిన్నపిల్లలను ఊరిలో ఒకచోట చేర్చి ఒక స్త్రీ కాచుచుండగా, ఆ పిల్లలలో నీటి మరణములు 80 శాతమునకు పైగా తగ్గినవి. మన ఊళ్లలో అంగన్‌వాడీలు గలవు. నాట్ల దినములలో తల్లులందరు పొలమునకు పోయినప్పుడు, బిడ్డలను చూచుటకు వంతులు వేసికొనుట ఏ సంఘమునకును భారము కాదు.

ఆడపిల్లల మాట వేరుగా చెప్పవలసియున్నది. కుమారునికి నేర్పి కుమార్తెకు నేర్పని ఇండ్లు అనేకములు. సిగ్గని, చూచువారేమందురోయని సాకులు చెప్పుదురు. అయితే ఏటికి నీళ్లకు పోవునది, బట్టలుతుకునది, చంటిబిడ్డను చంకనెత్తుకొని వాగు దాటునది ఎవరు? ఆమెకు ఈత రానియెడల రెండు ప్రాణములు ప్రమాదములో నుండును. తగిన వస్త్రములతో, స్త్రీల చేత, వేరైన వేళలో నేర్పించుటకు మార్గములు గలవు. మనసుండవలెను.

ఒకరు మునుగుచుండగా చూచి దుమికినవారు కూడ మునిగి, ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు పోవుట మన వార్తలలో తరచుగా చదువుచున్నాము. ప్రేమ దుముకమని చెప్పును. జ్ఞానము ఆగి చూడుమని చెప్పును. బురదగోతిలో దిగబడిన యిర్మీయాను కాపాడిన ఎబెద్మెలెకు తాను గోతిలోనికి దుమకలేదు. పాత గుడ్డలు, చింకి బట్టలు, త్రాళ్లు తెచ్చి పైనుండి అందించి లాగించెను. మన పిల్లలకు నేర్పవలసినది ఇదియే: కేక వేయుము, కఱ్ఱ చాపుము, చీరయైనను పంచెయైనను విసరుము, మూతబిగించిన ఖాళీ క్యాను వేయుము, నీవు మాత్రము దిగవద్దు. బయటికి తీసిన బిడ్డను తలక్రిందులుగా పట్టి త్రిప్పుట, కడుపు నొక్కుట వలన మేలు లేదు, కాలము పోవును. ఊపిరి ఆడనిచో వెంటనే నోటిలో ఊపిరి ఊదవలెను. తరువాత రొమ్ము నడుమ 30 సార్లు నొక్కుచు, 2 సార్లు ఊదుచు, 108 వాహనము వచ్చువరకు మానకూడదు. తేరుకొనిన బిడ్డనైనను వైద్యునికి చూపవలెను. ఈ చికిత్సను పెద్దలు ముందుగా నేర్చియుండుట మంచిది.

ఖమ్మము, కొత్తగూడెము వంటి పట్టణములలో కొలనులు గలవు, రుసుము చెల్లించువారు నేర్పించుకొందురు. చింతూరు త్రోవలోని కూలివాని బిడ్డకు ఎవరు నేర్పుదురు? మన సంఘములు వేసవిలో పిల్లలకు సెలవు బైబిలు పాఠశాలలు నడుపుచున్నవి. ఏరు బాగుగా నెరిగిన పెద్దలును, చేపలు పట్టువారును ప్రతి ఊర నున్నారు. లోతు తెలిసిన నిలువ నీటిలో, త్రాడు కట్టి, పెద్దలు నిలిచి, ఒక్కొక్క జట్టులో కొద్దిమంది పిల్లలనే దింపి, వారము పది దినములు నేర్పుటకు ఎక్కువ ధనము అక్కరలేదు. తలిదండ్రుల సమ్మతియు బాధ్యత వహించు పెద్దయు మాత్రము తప్పనిసరి.

కాబట్టి తలిదండ్రులారా, "పోవద్దు" అనుట మానకుడి. గాని అంతటితో ఆగకుడి. బావికి గట్టు కట్టుడి. తొట్టిమీద మూత వేయుడి. చిన్నవానిని కన్నెత్తి చూచుచుండుడి. పెద్దవానికి ఈతయు, దానితో కూడ ఎక్కడ దిగరాదో ఆ జ్ఞానమును నేర్పుడి. మనము ప్రతిచోట బిడ్డల వెంట నుండలేము. మనము నేర్పినదే వారి వెంట పోవును.