మనువు దోసిట్లో చేప

జ్వాలాపురంలో ఆ తెల్లటి పొరను మొదటిసారి చేత్తో ముట్టుకున్నది 2009 డిసెంబరులో. బనగానపల్లె దగ్గర జుర్రేరు వాగు లోయలో ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల. మా బీఎస్సీ జియాలజీ పిల్లల్ని పద్దెనిమిది మందిని వెంటబెట్టుకుని వెళ్లాను. తవ్విన గట్టు మధ్యలో సున్నం పూసినట్టు ఓ పొర. వేలితో గీకితే మెత్తగా రాలుతుంది. వేళ్ల మధ్య నలిపితే ముందు ముగ్గుపిండిలా ఉంటుంది, కాసేపటికి సన్నటి గరుకు తెలుస్తుంది. ఆ గరుకు గాజుది. సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆకాశానికి ఎగిరి, బంగాళాఖాతం దాటి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా కొట్టుకొచ్చి రాయలసీమ మీద రాలిన బూడిద అది. ఆ చుట్టుపక్కల జనం దాన్ని తవ్వి సబ్బు పొడుల్లో కలపడానికి అమ్ముకునేవారు.

పిల్లలు పొట్లాలు కట్టుకుంటుంటే ఒకమ్మాయి దగ్గరకొచ్చింది. "సార్, ఊరి పేరే జ్వాలాపురం కదా. అంటే ఆ మంట సంగతి మనవాళ్లకి గుర్తున్నట్టేగా?" అంది. మిగతావాళ్లు కూడా చేతిలో పని ఆపి నా వైపు చూశారు.

చెప్పవలసిందే చెప్పాను. ఇక్కడ పడినది మంట కాదు, చల్లారిన దుమ్ము. దాన్ని చూసినవాళ్లకు ఆ కొండ ఎక్కడుందో కూడా తెలియదు. తెలుగు భాష వయసే కొన్ని వేల ఏళ్లు, సంస్కృతానిదీ అంతే. డెబ్బై వేల ఏళ్ల నాటి సంగతిని ఒక ఊరి పేరు మోసుకురాలేదు. అహోబిలంలో జ్వాలా నరసింహుడు ఉన్న సీమ ఇది, జ్వాల అన్న మాట ఇక్కడి భక్తిలోనే ఉంది. ఆ అమ్మాయి అంతా విని, "అయితే ఏమీ గుర్తులేనట్టేనా సార్?" అంది. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ ఆ ప్రశ్నకు అది జవాబు కాదని ఆ క్షణంలోనే నాకు తెలిసింది.

ఎందుకంటే ఆ ఆశ నాకూ ఉండేది. 1984లో ఓ ఆదివారం హైదరాబాదు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట చిరిగిన పుస్తకం ఒకటి కొన్నాను. ఇమ్మాన్యుయేల్ వెలికోవ్‌స్కీ రాసిన 'వరల్డ్స్ ఇన్ కొలిజన్'. ఆయన విటెబ్స్క్‌లో పుట్టిన మానసిక వైద్యుడు. 1950లో వచ్చిన ఆ పుస్తకంలో ఆయన చెప్పేదేమిటంటే, శుక్రగ్రహం గురుగ్రహంలోంచి తోకచుక్కలా ఊడిపడిందట. క్రీస్తుకు పూర్వం పదిహేనో శతాబ్దంలో భూమిని రాసుకుంటూ పోయిందట. యూదులు ఈజిప్టు విడిచి వచ్చినప్పుడు ఎర్రసముద్రం చీలడం, ఆకాశం నుంచి ఆహారం రాలడం, ఒక్కో యుగం నిప్పుతోనో నీటితోనో ముగుస్తుందన్న మన పురాణాల మాట, మెక్సికో వాళ్ల సూర్యుల కథ, అన్నీ ఒకే సంఘటనను చూసినవాళ్లు ఇచ్చిన వాంగ్మూలాలట. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ప్రపంచంలోని ముసలమ్మలందరూ చెప్పిన కథలు నిజమేనని సైన్సు ఒప్పుకుంటున్నట్టు అనిపించింది.

ఆ పుస్తకం మీద ఖగోళ శాస్త్రజ్ఞులు ఎంత మండిపడ్డారంటే, మొదట అచ్చువేసిన ప్రచురణకర్త ఒత్తిడికి లొంగి దాన్ని మరో సంస్థకు అప్పగించాల్సి వచ్చింది. అది తప్పని నేను ఇప్పటికీ అంటాను. పుస్తకాన్ని పుస్తకంగానే ఎదుర్కోవాలి. 1974లో కార్ల్ సాగన్ లాంటివాళ్లు ఒక సభలో ఆయన ఎదుటే లెక్కలు వేసి చూపించారు, పద్ధతి అంటే అది. శుక్రుడు వేడిగా ఉంటాడని వెలికోవ్‌స్కీ ముందే చెప్పిన మాట నిజం. కానీ దాదాపు 460 డిగ్రీల ఆ వేడి కొత్తగా పుట్టిన గ్రహానిది కాదు. దట్టమైన కార్బన్ డయాక్సైడ్ దుప్పటి కప్పుకున్నందువల్ల వచ్చినది. ఇక గ్రీన్‌లాండ్ మంచులో ఏడాదికో పొర చొప్పున లెక్కపెడుతూ వెనక్కి వెళ్తే, ఆ శతాబ్దంలో భూమి అంత అల్లకల్లోలమైన జాడ ఎక్కడా లేదు.

ఈ కోరిక ఆయన ఒక్కడిదీ కాదు. 1696లో విలియం విస్టన్ నోవా జలప్రళయానికి తోకచుక్క కారణమన్నాడు. జాతులకు జాతులే భూమ్మీద నుంచి పోతాయని నిరూపించిన మహానుభావుడు కువియే 1812లో రాస్తూ, భూమి చివరి ఉత్పాతం జరిగి అయిదారు వేల ఏళ్లకు మించలేదని చెప్పడానికి యూదుల కథనూ హిందువుల కథనూ పక్కపక్కన పెట్టాడు. తర్వాత భూగర్భ శాస్త్రజ్ఞుడు లయల్ వచ్చాడు. ఇవాళ కళ్లముందు జరిగే వాన, ఒండ్రు, కోత, వీటితోనే భూమి చరిత్రంతా చెప్పవచ్చన్నాడు. అది ఎంత గట్టిగా నాటుకుందంటే, 1923లో బ్రెట్జ్ అనే ఆయన అమెరికా వాషింగ్టన్ రాష్ట్రపు రాతినేలను ఒక మహా వరద చెక్కిందంటే ఎవరూ నమ్మలేదు. మంచుగడ్డ అడ్డుకట్ట తెగి ఓ సరస్సుకు సరస్సే దూకిన వరద అది. ఆయనకు పెన్‌రోజ్ పతకం ఇచ్చేసరికి 1979 వచ్చింది. ఆ మరుసటి ఏడే అల్వారెజ్ తండ్రీకొడుకులు, వాళ్ల తోటివాళ్లు ఇటలీలో గుబ్బియో దగ్గర వేలెడు మందం కూడా లేని బంకమట్టి పొరలో ఇరిడియం చూసి, 6.6 కోట్ల ఏళ్ల కిందట ఉల్క పడిందన్నారు. ఆ గొయ్యి మెక్సికో తీరంలో దొరికింది.

మనకూ ఉంది అంతటి సాక్ష్యం. రాజమండ్రి నుంచి గోదావరి దాటితే పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాతి పొరల మధ్య పాలిపోయిన సున్నపురాయి కనబడుతుంది. అందులో గవ్వలు, ఆలిచిప్పలు. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా పారిన లావా అక్కడ ఆగింది. ఆగి చల్లారాక దాని మీద నీళ్లు నిలిచి, జీవాలు బతికి, మళ్లీ లావా వచ్చి కప్పింది. ఆ గట్టు మీద చెయ్యి ఆనించి నిలబడితే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కాబట్టి ప్రళయాలు జరగలేదని సైన్సు అనదు. వెలికోవ్‌స్కీ పొరపాటు ప్రళయాన్ని నమ్మడంలో లేదు. కథను చదివిన తీరులో ఉంది. అది నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, దివిసీమ వల్ల తెలిసింది.

మాది నాగాయలంక పక్క పల్లె. 1977 నవంబరు 19, శనివారం ఉప్పెన వచ్చినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. బందరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఐదో రోజుకు గానీ ఊరు చేరలేకపోయాను. కోతకొచ్చిన వరి ఒండ్రులో పడుకుని ఉంది. పశువులు ఉబ్బిపోయి కంపల్లో చిక్కుకున్నాయి. గాలి తిరిగినప్పుడల్లా ముక్కుకు గుడ్డ కట్టుకోవాల్సి వచ్చేది. మా నాయనమ్మ కొంగుతో తనను తాను తాటిచెట్టుకు కట్టుకుని బతికింది. ఆమె చేతుల లోపలివైపు చర్మం చెట్టు బెరడుకు గీరుకుపోయి పచ్చిగా ఉంది. మా చిన్నత్త ఆ చెట్టు దాకా రాలేకపోయింది. సర్కారు లెక్క ప్రకారమే వేల మంది పోయారు.

మా నాయనమ్మ ఆ రాత్రి సంగతి చెప్పినప్పుడు అల మీద నిప్పు కనబడిందనేది. అల ఎత్తు ఒకసారి తాటిచెట్టంత, ఇంకోసారి సగం. ఇంజనీర్ల లెక్క ఐదారు మీటర్లు. గంటలు, తేదీలు ఆమె కథలో ఉండేవి కావు. కానీ ఎవరింటి డాబా మెట్లెక్కి ఎవరు ప్రాణం దక్కించుకున్నారో, ఎవరు తలుపు తీయలేదో, ఎవరు ఎవరి పసిబిడ్డను పైకి అందించి తాను జారిపోయాడో, ఆ వివరం ఒక్కటీ మారేది కాదు. కొలతలు పదేళ్లలోనే కరిగిపోయాయి. మనుషులు ఒకరికొకరు ఏమయ్యారన్నదే మిగిలింది. నలభై ఏళ్లలో నా కళ్లముందే ఇలా జరిగితే, మూడు వేల ఏళ్ల నాటి కథలో అల ఎత్తు వెతకడం దేనికి? మెసొపొటేమియాలోని ఊర్ నగరంలో 1929లో లియొనార్డ్ వూలీ మనిషి ఎత్తుకు మించిన ఒండ్రు పొర చూసి నోవా వరద దొరికిందన్నాడు. పక్క పట్టణాల్లో తవ్వితే వరద పొరలు ఉన్నాయి గానీ ఒక్కోటీ ఒక్కో కాలానిది. రెండు నదుల మధ్య బతికినవాళ్లకు వరద ఒక్కసారితో పోయేది కాదు. కృష్ణ సముద్రంలో కలిసేచోట పుట్టినవాడికి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

ఉప్పెన తర్వాత సహాయం చెయ్యడానికి వచ్చినవాళ్లలో కొందరు, బతికినవాళ్లలో కూడా కొందరు, పాపం పండిందన్నారు. నాయనమ్మ వినీ విననట్టు ఊరుకునేది. ఒకసారి మాత్రం, "ఎవరి పాపం నాయనా? నా పిల్లదా?" అని అడిగింది. చదువు రాని మనిషి, వీధి అరుగు మీద భాగవతం విని పెరిగిన మనిషి. ఆమె అడిగిన ప్రశ్న ఎంత దూరం పోతుందో పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూశాకే నాకు అర్థమైంది.

బైబిలు కథలో వరద శిక్ష. మనుషులు చెడిపోయారు గనుక దేవుడు తుడిచేశాడు. బాబిలోనియా వాళ్ల అత్రహసీస్ కథలో మనుషుల రొద దేవుడి నిద్ర పాడుచేసింది. మరి మన శతపథ బ్రాహ్మణంలో? మనువు పొద్దున్నే చేతులు కడుక్కుంటుంటే నీళ్లతోపాటు ఓ చేపపిల్ల చేతిలోకి వస్తుంది. నన్ను కాపాడు, నిన్ను కాపాడతానంటుంది. పెద్ద చేపలు తనను మింగేస్తాయని దాని భయం. కుండలో, తర్వాత గుంటలో, చివరికి సముద్రంలో. వరద వస్తుంది, ఓడను దాని కొమ్ముకు కట్టుకుని ఉత్తరపు కొండకు చేరతాడు. ఎందుకొచ్చింది వరద? ఆ కథ చెప్పదు. ఎవరూ పాపం చేయలేదు. ఆ చేప విష్ణువని కూడా అందులో లేదు. మహాభారతంలో అది బ్రహ్మ అయింది, భాగవతంలో హరి అయింది. చేపతోపాటు కథా పెరిగింది. అయినా ఆ పాత్ర మారిన ప్రతిచోటా మొదటి దృశ్యం మాత్రం పోలేదు: దోసిట్లో ఇమిడేంత ప్రాణి, దాన్ని పారబోయని చెయ్యి.

పురాణాల్లో నైమిత్తిక ప్రళయం బ్రహ్మకు రాత్రి కావడం. పగలంతా మేలుకున్నవాడు పడుకుంటాడు. అంతే గాని అది తీర్పు కాదు. బ్రహ్మ పగలు 432 కోట్ల ఏళ్లు, భూమి వయసు సుమారు 454 కోట్లు కాబట్టి ఋషులకు ముందే తెలుసనేవాళ్లు నాకు ఎదురవుతూనే ఉంటారు. ఆ సంఖ్య కలియుగపు 4,32,000ను హెచ్చవేసుకుంటూ పోతే వచ్చినది. కాలం మనిషికి అందనంత పెద్దదని చెప్పే ధైర్యం ఆ లెక్కలో ఉంది. నేను నమస్కరించేది ఆ ధైర్యానికి. అంకెలు దగ్గరపడటం దానికి కొత్త గౌరవమేమీ తేదు.

ఇంకో సంగతి. భాగవతం పన్నెండో స్కంధంలో నాలుగు ప్రళయాల గురించి శుకుడు ఎవరికి చెబుతున్నాడు? తక్షకుడి కాటుకు చావబోతున్న పరీక్షిత్తుకు. వాటిలో ఒకటి నిత్య ప్రళయం. దీపపు మంటలా, ఏటి నీటిలా, క్షణక్షణం ప్రతి శరీరం మారి పోతూనే ఉండటం. భూమి పుట్టుక గురించి పరిశోధన పత్రం వింటున్నవాడు కాదు ఆ శ్రోత. గడువు ముగిసిన మనిషి. తన చావు ఎంత పెద్దదో, ఎంత చిన్నదో తెలుసుకోవాలనుకున్నాడు. ఆ మాటల్ని అక్కడినుంచి పెరికి తెచ్చి, ఇది ఫలానా తోకచుక్క, ఇది ఫలానా వరద అని చీటీ అంటిస్తే, అడిగినవాడిని పక్కకు నెట్టేసినట్టే. ప్రపంచంలోని వరద కథలన్నీ ఒకే వాంగ్మూలం అనుకుంటే ఒకరు శిక్ష అన్నారని, ఒకరు నిద్ర అన్నారని, ఒకరు కారణమే చెప్పలేదని మనకు కనబడదు. నాకు మాత్రం ఆ తేడాలోనే వాళ్ల మతం, వాళ్ల దుఃఖం, వాళ్ల ఆలోచన ఉన్నాయనిపిస్తుంది.

జ్వాలాపురం నుంచి వస్తూ బనగానపల్లెలో టీకి ఆగాం. ఆ అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. అక్కడి తవ్వకాల్లో బూడిద కిందా మీదా కూడా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని, రెండూ ఇంచుమించు ఒకే తీరుగా చెక్కినవని, 2007లో అచ్చయిన పరిశోధన గురించి చెప్పాను. బూడిద పడ్డాక కూడా ఎవరో కూర్చుని రాయి కొట్టారమ్మా అన్నాను. ఆ తర్వాత, ఎందుకో, నాయనమ్మ సంగతి చెప్పాను.

ఉప్పెనకు ముందు నాయనమ్మ మత్స్యావతారం కథ చెబితే ఓడలో సప్తర్షులు, ఓషధులు, విత్తనాలు ఉండేవి. దోసిలి పట్టి, "ఇంతే ఉంది చేప" అని చూపించేది. ఉప్పెన తర్వాత ఆ దోసిలి అలాగే ఉంది గానీ ఓడ మారింది. ఋషులను ఎక్కించాక ఆమె ఆగేది. మా వీధిలో పోయినవాళ్లను ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి ఎక్కించేది. చివర్న చిన్నత్తను ఎక్కించి, అప్పుడు చేప కొమ్ముకు తాడు కట్టేది.

టీ గ్లాసు చల్లారిపోయింది. ఆ అమ్మాయి, "ఎన్ని పేర్లు సార్?" అంది.

పదకొండు. అన్నీ నాకు వచ్చు. బస్సు హారన్ కొడుతున్నా ఆగి, వరసగా చెప్పాను.