గీటురాయి లేని అంగడి

బందరు చేరువ చిలకలపూడిలో యౌవనమును బంగారుపనిలోను, వార్ధక్యమును రోల్డుగోల్డు పనిలోను గడపి, చూపు మందగించిన పిమ్మటగాని కొలిమి చల్లార్పని మా పెదనాన్నగారి యెదుట కూర్చుండి, ఆన్‌లైన్ అంగడిలో నగలమ్ము మా చెల్లెలు, ఒక క్రొత్త గొలుసునకు తాను వ్రాసిన వర్ణనను చదువుచుండెను: "వన్ గ్రామ్ గోల్డ్ గొలుసు, అచ్చం 916 లుక్." ఆయన చేయెత్తి ఆపెను.

"ఇందులో గ్రాము బంగారం ఉన్నదా, అమ్మాయీ?"

"లేదు పెదనాన్నా. అది పేరు మాత్రమే. అందరికీ తెలిసిన సంగతే కదా!"

"బందరులో తెలుసు. ఎక్కడో దూరాన ఫోనులో చూసి కొనే ఆవిడకు తెలుసునా? వెనుక రోల్డుగోల్డు అంటే రాగిమీద సన్నని బంగారు రేకు అతికి సాగదీసేవాళ్ళం. పేరు పనిని చెప్పేది. ఇప్పుడు కరెంటు తొట్టిలో ముంచి పూత వేస్తున్నారు. పని మారింది, పేరు మారలేదు."

"అంత పట్టింపు ఉన్నవాళ్ళు హాల్‌మార్కు నగే కొనుక్కుంటారు. వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని దానిమీదే ముద్ర ఉంటుంది."

"మరి ఆ అంకె నీ గొలుసు పక్కన ఎందుకమ్మా?"

చెల్లెలు ఆ అంకెను చెరిపివేసెను.

దుకాణమునకు వచ్చిన యామె గొలుసును అరచేత నుంచుకొని బరువు చూచును. పూత మొదట తొలగునది కొక్కెము వద్దనే గనుక దానిని గోటితో గీకును. ఎన్నాళ్ళుండునని మొగముమీదనే యడిగి, బదులు చెప్పువాని కన్నులను సైతము పరిశీలించును. తెరకావల నున్న యామెకు ఈ సాధనములలో నొక్కటియు లేదు. అడుగుటకు వీలులేని యా ప్రశ్నలకన్నిటికిని వర్ణనయే ముందుగా బదులు చెప్పవలసి యున్నదని నాకు తోచెను.

"లోపల ఇత్తడి, చెమటకు పూత పోతుంది అని రాస్తే ఎవరు కొంటారు?" అని చెల్లెలు.

"హైదరాబాదు ముత్యాలు కొనడం లేదూ? అందులో చాలావరకు చైనాలో పెంచిన మంచినీటి ముత్యాలే. బెజ్జం వేయడం, జతకూర్చడం, గుచ్చడం హైదరాబాదు పని. ఆ పనితనం పేరు చెప్పి అమ్మవచ్చును కదా!"

"అలా చెప్పి అమ్మేవాళ్ళెందరు?"

దీనికాయన యొద్ద సమాధానము లేకపోయెను; నాయొద్దను లేదు.

"ఇంకొకటి. వన్ గ్రామ్ గోల్డ్ అనే మాటతోనే అందరూ వెదుకుతారు. తీసేస్తే నా గొలుసు ఎవరికీ కనబడదు."

ఆయన చాలసేపు ఆలోచించి, "ఉంచు. దాని కిందనే, అంతే పెద్ద అక్షరాలతో, ఇత్తడిమీద బంగారు పూత అని రాయి. తూకం వేసి బరువు రాయి. అత్తరు తగలనీయవద్దని రాయి," అనెను. పిమ్మట ఫోనును కంటికి దగ్గరగా తెచ్చుకొని, "ఈ ఫోటో ఏ దీపం కింద తీశావు?"

చెల్లెలు నవ్వి, పసుపుపచ్చ బల్బు ఆర్పి, గొలుసును వీథియరుగు మీదికి తీసికొనిపోయెను. పగటి వెలుతురున అది కొంచెము పాలిపోయి కనబడెను.